గుమ్మంలో పేరు చెప్పుకునే ఇల్లు

మా సైకాలజీ మేడమ్ గారు పోయారని పోయిన నెలలో ఏలూరు నుంచి వాళ్ళ చెల్లెలుగారు ఫోన్ చేశారు. నిద్రలోనే ప్రాణం పోయిందట. తాడేపల్లిగూడెంలో వాళ్ళింటికి నేను వెళ్ళేసరికి వరండా నిండా చెప్పులు. వచ్చినవాళ్ళంతా గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతున్నారు. "నేనండీ మేడమ్ గారూ, పాలాయన్ని", "నేనండీ, పక్కింటి టైలర్ని" అని పైకే చెప్పి, అప్పుడు లోపలికి అడుగు పెడుతున్నారు. ఆవిడకు ఇక వినిపించదని అందరికీ తెలుసు. ఏళ్ళ నాటి అలవాటు మరి.

మేడమ్ గారికి మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు. చూపులో ఏ లోపమూ లేదు. కన్ను, ముక్కు, నోరు అన్నీ కనిపించేవి. ఆ ముఖం ఎవరిదో మాత్రం తెలిసేది కాదు. పుట్టుకతోనే ఉన్న ఇబ్బంది.

అది తెలియని రోజుల్లో ఆవిడకు గర్వం అనుకున్నాను. ఆవిడ చెప్పే బీఎడ్ కాలేజీకి అత్తిలి నుంచి బస్సులో వచ్చేదాన్ని. నాకు నత్తి. హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. బస్టాండులో ఎదురుపడి నమస్కారం పెడితే, ఆవిడా చేతులు జోడించి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి వెళ్ళిపోయేవారు. మాట సరిగ్గా రాని పిల్లని కాబట్టే లెక్కచేయడం లేదనుకుని బస్సులో ఏడ్చాను కూడా.

కంటితో చూసినదాన్ని మెదడు ఎలా పోల్చుకుంటుందన్న ప్రత్యక్షం పాఠం చెప్పిన రోజున బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి, కింద ఒక గీత గీశారు. "ఏంటండీ ఇది?"

"ముఖం" అన్నారు అందరూ.

"చూశారా, ఉన్నది రెండు చుక్కలూ ఒక గీతే. మిగతాదంతా మీ మెదడు కలుపుకుంది. ముఖమని నాకూ తెలుస్తుందండీ. ఎవరిదో తెలియదు. గొంతు వింటేనే పోల్చుకుంటాను. ఇన్నాళ్ళూ మిమ్మల్ని పలకరించలేదని ఏమీ అనుకోకండి."

పాఠమయ్యాక అందరూ వరుసగా వెళ్ళి పేర్లు చెప్పారు. చివర నేను. నా పేరులో మొదటి అక్షరమే నాకు శత్రువు. అది గొంతులో ఇరుక్కుంది. వెనకనుంచి ఎవరో నా పేరు అందించబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఉండండమ్మా, ఆవిడ పేరు ఆవిడే చెబుతారు."

బెల్లు కొట్టారు. వచ్చే లెక్చరర్ గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ కదల్లేదు. ఎంతసేపటికో పేరు బయటికొచ్చింది. "ఇక నిన్ను మర్చిపోనమ్మాయ్" అన్నారు. ఎదుటి మనిషి ఎవరో తెలిసేదాకా ఆవిడ ఎంత చిన్నవాళ్ళనైనా "మీరు" అనే అనేవారు. ఆ రోజు నాకు "నువ్వు" దొరికింది.

టీచింగ్ ప్రాక్టీసులో మొదటి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతే పిల్లలు నవ్వారు. చివరి బెంచీలో కూర్చున్న మేడమ్ గారు సాయానికి రాలేదు. ఆ మాట నేనే అన్నాను, పాఠమూ పూర్తి చేశాను. "మాట ఆలస్యమైందంటే లేదని కాదమ్మా, దారిలో ఉందని" అన్నారు తర్వాత. ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఇప్పటికీ ఆగుతాను. కంగారు పడను.

జ్ఞాపకాన్ని బీరువాలో చీరలా దాచుకోలేమని, తలుచుకున్నప్పుడల్లా మళ్ళీ నేసుకుంటామని పాఠంలో చెప్పేవారు. అందుకే భయం. పైన రాసిన మాటలు ఆవిడ అచ్చంగా అలాగే అన్నారో, నేనే నేసుకున్నానో. అడుగుదామంటే ఆవిడ లేరు. ఆ గొంతు ఒక్కసారి వినాలనిపిస్తుంది. నా ఫోనులో ఆవిడ ఫోటోలే ఉన్నాయి, గొంతు లేదు.

పోయిన చలికాలం ఇద్దరం కొల్లేటికోట వెళ్ళి పడవెక్కాం. చెట్ల నిండా ముక్కు కింద సంచులున్న గూడబాతులు, వాటి గూళ్ళు.

"ఇందాక మన మీదుగా ఎగిరొచ్చింది ఏదో చెప్పు చూద్దాం."

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ."

"హమ్మయ్య! ఇక్కడ నువ్వూ నాలాంటిదానివే" అని పడవ ఊగేలా నవ్వారు.

పొద్దు వాలుతుండగా చేపల చెరువుల వైపు నుంచి ఒక పక్షి వచ్చింది. గూళ్ళలోని పిల్లలన్నీ ఒక్కసారిగా అరిచాయి. అది ఆ అరుపులు వింటూ ఒక చుట్టు తిరిగి, నేరుగా ఒకే ఒక్క గూటి మీద వాలింది. పడవతను తెడ్డు ఆపాడు. ఆ గూట్లోని పిల్ల మెడ చాచి, తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. మేడమ్ గారు నా మణికట్టు పట్టుకుని, చీకటి పడేదాకా ఆ గూటినే చూస్తూ ఉండిపోయారు.