నాన్న ఎడమ కన్ను

సీతమ్మధారలో మా కంటి ఆసుపత్రి కింద ఎవరో కొట్టుకి ఇనుప గ్రిల్లు బిగిస్తున్నారు. వెల్డింగు పుల్ల కాలిన ఘాటు వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చేసరికి, యాభై దాటిన డాక్టర్ని, గభాలున కళ్లు మూసేసుకున్నాను.

మా నాన్న ఆటోనగర్‌లో వెల్డరు. సాయంత్రం ఆయన చొక్కాకి పట్టిన ఆ వాసన, ముసురులో ఆరని బట్టల వాసన, పొయ్యి మీద ఉడికే ఎండుచేపల పులుసు వాసన అన్నీ కలిసి మా ఒంటిగది రేకుల ఇంట్లో సుడి తిరిగేవి. చిన్న చిన్న అతుకులకి నల్లద్దం పట్టుకోవడం ఆ షెడ్డులో ఎవరికీ అలవాటు లేదు. అద్దానికి ఒక చెయ్యి పోతుందని, కళ్లు మూసుకుని అందాజాగా అంటించేసేవారు. దాని ఫలితం పొద్దుగూకాక తెలిసేది. కళ్లలో ఇసుక పోసినట్టు ఆయన మెలికలు తిరుగుతుంటే, అమ్మ బంగాళాదుంప చక్రాలు తడిగుడ్డలో చుట్టి కళ్ల మీద వేసేది. నేను గోడకి అతుక్కుపోయి చూసేదాన్ని.

నేను మూడో తరగతిలో ఉండగా నాన్న కుడికంట్లో ఇనుపరజను పడింది. నలుసు తీయడంలో చెయ్యి తిరిగినవాడని పేరున్న తోటి వెల్డరు, "కదలకు బావా, సిటికెలో తీసేత్తాను" అంటూ రుమాలు కొన మెలిపెట్టి తీశాడు. రజను వచ్చింది కానీ కన్ను చీము పట్టింది. పెద్దాసుపత్రికి వెళ్లేసరికి ఆ కంటికి ఇక చూపు రాదన్నారు.

అప్పట్నించి నా భయమంతా ఎడమ కంటి మీదే. ఇంకో పని రాదు కాబట్టి నాన్న మళ్లీ ఆ నిప్పు దగ్గరికే పోయేవాడు. అదీ పోతే ఎలా? బడి నుంచి రాగానే కళ్లు మూసుకుని మంచం నుంచి గుమ్మం దాకా తడుముకుంటూ నడిచేదాన్ని. కాలికి తగిలిన బిందెనీ పీటనీ పక్కకి జరిపేదాన్ని. ఓసారి అమ్మ చూసేసింది.

"ఏటే, ఏటి సేత్తన్నావ్?"

"నాన్నకి కళ్లు పోతే తగలకుండా సర్దుతన్నాను."

అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత వాటేసుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి మా ఇంట్లో బిందె చోటు మారలేదు.

మా వైపు నాగులచవితికీ బాణసంచా కాలుస్తారు. పిల్లలంతా చిమ్మిలి నములుతూ మతాబులు కాలుస్తుంటే, నేను నాన్న ముఖానికి చేతులు అడ్డంపెట్టి నిలబడేదాన్ని. "నాను సూడొద్దేటే పండగ?" అని ఆయన నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

కష్టాలకి ఎదురీది పట్టుదలతో డాక్టరయిందని సభల్లో నా గురించి చెబుతుంటారు. పట్టుదలా పాడా, వట్టి భయం! పుస్తకం మూస్తే ఆ చీము పట్టిన కన్ను కనిపించేది, అందుకే మూయకుండా చదివాను. ఉద్యోగం రాగానే నాన్న చేత ఆ పని మాన్పించాను. ఎందరికో ఆపరేషన్లు చేసినదాన్ని, ఆయన కన్ను మాత్రం వేరే డాక్టరు చేత పరీక్ష చేయించేదాన్ని.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. మా సందు రోడ్డు వెడల్పులో పోయింది. వెల్డర్లు తలంతా కప్పే ముసుగులు పెట్టుకుంటున్నారు. నాన్న నిరుడు పోయాడు. ఆయన కోరినట్టే ఎడమ కన్ను దానం చేశాం. ఎవరికి పెట్టారో చెప్పరు, నేను డాక్టర్నైనా సరే. ఆ మనిషి ఏ పని చేస్తాడో, ఆ కంటిని జాగ్రత్తగా చూసుకుంటున్నాడో లేదోనని నాకు ఇంకా భయమే.