మొర్రి బోర్డున్న జీడిచెట్టు

మా తోట మాలి ఇక లేరన్న కబురు ఒక బుధవారం పొద్దున మిద్దెతోటల వాట్సాప్ గుంపులో వచ్చింది. దాని కింద వరుసగా జోడించిన చేతుల బొమ్మలు, గులాబీల బొమ్మలు. ఆ గులాబీల మధ్యలో ఒకామె తన మందారానికి తెల్లపురుగు పట్టిందని ఫోటో పెట్టి, ఏం మందు కొట్టాలని అడిగింది. ఆయన ఉంటే ముందు ఆ మందారానికే జవాబు చెప్పేవారు. గులాబీల వంక కూడా చూసేవారు కాదు.

జగిత్యాల శివారులోని బొటానికల్ గార్డెన్‌లో ఆయన మాలి. అంతకుముందు రాయికల్ దిక్కు ఒక ఊళ్లో కల్లు కోసం తాళ్లు గీసేవారు. తాటిచెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్నాక ఈ కొలువులో చేరారు. ప్రతి ఆదివారం పొద్దున మొక్కల పెంపకం క్లాసు, ఆ తర్వాత చెట్ల మధ్య గంటసేపు నడక. రెండూ ఆయనే నడిపేవారు. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. ఆయన గురించి రాసే అర్హత నాకుందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చదివాక మీరే అనుకోండి.

క్లాసుకు వచ్చేవాళ్లం ఎలాంటివాళ్లమో చెప్పాలి. జగిత్యాల డాక్టర్ల భార్యలు, కోరుట్ల నుంచి కారు కట్టుకుని వచ్చే రిటైర్డ్ ఉద్యోగులు, సిరిసిల్ల నుంచి మరమగ్గాల యజమాని భార్య ఒకామె. అందరికీ కొత్త టోపీలు, కొత్త చేతితొడుగులు. ఆయన మమ్మల్ని పూలమళ్ల దగ్గరికి కాదు, నేరుగా పెంటకుప్ప దగ్గరికి తీసుకుపోయేవారు. తొడుగులు తీయించి, మాగిన ఎరువులో చేతులు పెట్టించేవారు. ముక్కు మూసుకున్నవాళ్లు మళ్లీ వారం వచ్చేవాళ్లు కాదు. ఆయనకు కావలసిందీ అదేననుకుంటాను.

మేమడిగే ప్రశ్నలకు ఈ రోజుకీ నాకు సిగ్గేస్తుంది. ఫలానా మొక్క ఇంట్లో పెడితే లక్ష్మి వస్తుందా అని కోరుట్ల పెద్దమనిషి ఒకరు అడిగారు. ఆయన ఆ కుండీని అటూ ఇటూ తిప్పి చూశారు.

"లక్ష్మి అస్తె గీ కుండీల ఏడ కూసుంటది సారూ? నీళ్లు పొయ్యిరాదు, అదన్న అస్తది."

మొక్కలన్నీ కుళ్లిపోతున్నాయని ఒకసారి నేనే మొరపెట్టుకున్నాను. మా ఇంటి కుండీలోని మట్టి కొంచెం తెమ్మన్నారు. తెచ్చాను. పిడికిట్లో పట్టి పిండితే నీళ్లు కారాయి. "దానికి దూప లేదు మేడం. మీకు రంది ఉన్నది. రంది ఉన్నప్పుడల్ల నీళ్లు పోస్తున్నరు" అన్నారు. దూప అంటే దాహం, రంది అంటే దిగులు. నా గురించి అంతకంటే సరిగ్గా ఎవరూ ఏమీ చెప్పలేదు, కట్టుకున్నవాడితో సహా.

చెట్లకు పేర్ల బోర్డులు కొట్టమని ఆఫీసువాళ్లు మేకులిస్తే, ఆయన ఆ మేకులు ఎక్కడ పారేశారో ఎవరికీ తెలియదు. బోర్డులన్నిటినీ తాళ్లతో కట్టారు. చెట్టెక్కే గీత కార్మికుడు తననూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు మోకు. ఆ మోకుకు వేసే ముడే బోర్డులకూ వేసేవారు. ఏటా వానలు మొదలయ్యాక ఒక్కో చెట్టు దగ్గరికి వెళ్లి తాడును బెత్తెడు వదులు చేసేవారు. కాండం లావయ్యేకొద్దీ తాడూ వదులవ్వాలి, లేకపోతే చెట్టు మెడకు ఉరి పడినట్టే అవుతుంది.

ఆ బోర్డుల్లో ఒకటి తప్పు. ఆ తప్పు నాది.

తోట తెరిచిన కొత్తలో చెట్ల పేర్ల జాబితా సరిచూసి సంతకం పెట్టమని నన్ను పిలిపించారు. నర్సరీ పంపిన కాగితంలో ఒక మొక్క పేరు మొర్రి అని ఉంది. మొర్రి అంటే సారపప్పు చెట్టు, దాని పండ్లు మన పిల్లలు తింటారు. నా వెనక నిలబడ్డ మాలి మెల్లగా అన్నారు: "మేడం, ఇది మొర్రి గాదు, నల్లజీడి. ఆకు తిప్పి సూడుండ్రి." నల్లజీడి అంటే బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడే జీడిగింజల చెట్టు. దాని పాలు తగిలితే ఒళ్లంతా పొక్కుతుంది. నేను ఆకు తిప్పాను. అడుగున బూడిదరంగు ఉంది. లేతమొక్క గదా, మొర్రికి కూడా ఇలాగే ఉండొచ్చేమో అనుకున్నాను. ప్రతిదాన్నీ అనుమానించడం నా జబ్బు. ఆ రోజు నర్సరీ కాగితాన్ని అనుమానించాల్సింది పోయి నా కంటినే అనుమానించాను. సంతకం పెట్టాను.

ఆయన బోర్డు కట్టారు, ఆఫీసు చెప్పిన పని కాబట్టి. కానీ ప్రతి ఆదివారం నడకలో ఆ చెట్టు రాగానే ఆగి, అందరి చేతులూ వెనక్కి కట్టించేవారు. బడిపిల్లల్లా చేతులు వెనక్కి కట్టుకుని ఆ చెట్టును దాటేవాళ్లం. కొందరు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

ఒక ఆదివారం ఆయన బంధువుల ఇంట్లో చావుంటే రుద్రంగి వెళ్లారు. నడక నేను నడిపాను. ఎంత ఉత్సాహపడ్డానో చెప్పుకోవడానికే నామోషీగా ఉంది. ప్రతి చెట్టుకూ లాటిన్ పేరు చెప్పాను. ఆ చెట్టు రాగానే అలవాటు ప్రకారం అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. "అవసరం లేదండీ, ఇది మొర్రి. ముసలాయనకు భయం" అన్నాను. సిరిసిల్ల ఆమె ఇంట్లో నాటుకుందామని ఒక కొమ్మ విరిచి సంచిలో వేసుకుంది. అంటుకొమ్మలు దొంగిలించడం మా గుంపులో అందరికీ ఉన్న విద్యే. సాయంత్రానికి ఆమె చేతులూ మొహమూ పొంగి, బొబ్బలెక్కాయి.

ఆఫీసులో విచారణ జరిగింది. అధికారి, ఆయన, నేను. క్లాసు ఎవరిదని అధికారి అడిగారు. మాలి నా వైపు చూశారు. నేను నా చేతిసంచి జిప్పును చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆయనే అన్నారు: "క్లాసు నాదే సారు. నేను లేకపోతి."

బయటికి వచ్చాక నాతో ఆయన అన్నది ఒక్క మాటే. "ఇప్పుడన్న ఆకు తిప్పి సూసినరా మేడం?"

ఆదివారం క్లాసు ఆయన చేతిలోంచి తీసేసి, ఆయనకు నీళ్ల పైపు ఇచ్చారు. ఇప్పుడు ఆదివారాలు అక్కడ వర్క్‌షాప్ నడుస్తోంది. ఎరువు వాసన లేని వర్క్‌షాప్, సెల్ఫీలు దిగే చోట కాగితం సీతాకోకచిలుకలు. బోర్డు మాత్రం మార్చలేదు. మార్చాలంటే జాబితా మార్చాలి, నా సంతకం తప్పని ఎవరో రాయాలి. దానికి బదులు కింద ఇంకో రేకు తగిలించారు. మొర్రి. ముట్టుకోరాదు. మూడేళ్లుగా జనం ఆ రెండు రేకులూ చదివి తల ఊపి ముందుకు పోతున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. రాసి ఇవ్వాల్సింది నేనే, రాయలేదు.

మొన్న ఆదివారం తోటలో సంతాపసభ పెట్టారు. ఆయన ఫోటో దొరక్క, గ్రూప్ ఫోటోలోంచి మొహం కత్తిరించి పెద్దది చేశారు. ఫ్లెక్సీ మీద ఆయన చెవి దగ్గర ఎవరిదో టోపీ అంచు ఉంది. అధికారి మాట్లాడుతూ ఆయన్ని ప్రకృతి ప్రేమికుడన్నారు. తర్వాత ఆయన పేరిట నాటడానికి ఒక మొక్క తెప్పించారు. చూస్తే సీసా పామ్, హోటళ్ల ముందు పెట్టే రకం. కల్లు రాదు, కాయ తినలేం, నీడ లేదు. ఇదెందుకని అడిగాను. "ఆయన తాళ్లు గీసినోడు గద మేడం. పామే గద అని తెప్పించినం" అన్నారు అధికారి, తృప్తిగా.

నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని చెప్పేశాను. ఆ బోర్డు తప్పనీ, ఆ సంతకం నాదనీ, ఆ రోజు నడక నడిపింది నేననీ, ఆయన క్లాసు నా వల్లే పోయిందనీ చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత పెద్ద మనసు మేడం మీది" అని అధికారి మైకులోనే అన్నారు. మూడేళ్లు దాచుకున్న తప్పును ఒక్క నిమిషంలో నా సుగుణం చేసి నా చేతిలో పెట్టి, అందరూ సమోసాల బల్ల దగ్గరికి నడిచారు.

ఆయన భార్య ముందువరుస కుర్చీలో లేదు. వెతుక్కుంటూ పోతే చెట్ల మధ్య కనిపించింది. ఒక్కో బోర్డు తాడు ముడి విప్పి, వదులు చేసి, మళ్లీ కడుతోంది. ఆనలు మొదలైనయి, ఈసారి ఆయన చెయ్యకుండనే పాయె, నాకు నేర్పి పెట్టిండు అంది. నేను మైకులో చెప్పింది విన్నారా అని అడిగాను. ఇన్న అంది, తాడు మీంచి చూపు తిప్పకుండా.

జీడిచెట్టు దగ్గర ఆమె ఆగింది. ఆ బోర్డు తీసేయమని బతిమాలినట్టే అడిగాను.

"నేనెందుకు దీస్త బిడ్డా? నువ్వు వెట్టిచ్చినవు, నువ్వే తియ్యి."

అని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

నేను ముడిని పట్టి లాగాను. బిగుసుకుంది. మళ్లీ లాగాను. వేలిగోరు విరిగింది. ఆమె సాయం రాలేదు. కాసేపు చూసి, "గుంజకు. లోపల్కి నూకు" అంది.

తాడు కొసను లోపలికి తోశాను. ముడి దానంతటదే ఊడి రెండు రేకులూ నా చేతిలోకి వచ్చాయి. బోర్డు ఉన్నచోట కాండం మీద పలకంత మేర వెలిసిపోయినట్టు తెల్లగా ఉంది. ఎక్కడా ఒక్క మేకు గాటు లేదు, తాడు ఒరిపిడి కూడా లేదు. చిన్న చీమలబారు ఒకటి ఆ తెల్లటి చోటు అంచున ఆగి, కాసేపు తచ్చాడి, దాన్ని దాటి పైకి వెళ్లింది.