గోడ మీది నీటి గుర్తు

2011 వానాకాలంలో నేను జనగామ వైపు ఒక చిన్న పట్టణంలో మున్సిపల్ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. రైలు కట్టకు దిగువనున్న కూలీల బస్తీకి వాన నీటి కాలువ మంజూరు చేయించడం నా పని. వానొస్తే కట్ట ఆపిన నీళ్ళన్నీ ఆ ఇళ్ళలోకే వచ్చేవి. తండా నుంచి వచ్చి స్థిరపడ్డ సోమ్లి ఇల్లు అందరికంటే పల్లంలో ఉండేది. ముందటేడు వెనక గోడ కూలింది. ఇంకో ముంపు వస్తే మిగతాదీ నిలవదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

అందుకు ఒక ప్రభుత్వ పథకం ఉంది. దాని నిధులు మురుగు కాలువకు రావు, వాన నీటి కాలువకే వస్తాయి. అదీ ఇళ్ళలో మోకాలెత్తు నీళ్ళు నిలుస్తున్నాయని పై అధికారి స్వయంగా చూసి రాస్తేనే. వాన లేని రోజు వస్తే గోడల మీది నీటి గుర్తులను టేపుతో కొలుస్తారు.

తనిఖీకి ముందే సకల జనుల సమ్మె మొదలైంది. నేనూ మనస్ఫూర్తిగా శిబిరంలో కూర్చున్నాను. సమ్మె ముగిశాక ఆగిన పనులన్నీ ఒక్కసారే నెత్తిన పడ్డాయి. తనిఖీ దీపావళి తర్వాతకు వాయిదా పడింది, అప్పటికి వానలు పోయాయి. నాకు తీరిక లేదనుకుని, "పెద్దసారు వస్తున్నడు, తయారుగుండుండ్రి" అని బస్తీకి కబురు పంపి ఊరుకున్నాను.

మేం జీపు దిగేసరికి సందంతా తెల్లగా మెరుస్తోంది. ఒక్క ఇల్లు వదలకుండా లోపలా బయటా సున్నం వేశారు. పెద్దమనిషి వస్తున్నాడంటే ఎవరైనా చేసేదే. నీటి గుర్తులు మాత్రం అన్నీ ఆ సున్నం కింద కప్పుకుపోయాయి. ఉద్యోగంలో నాకు రెండు మెట్లు పైనున్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొలవడానికి ఏమీ దొరకలేదు.

"రెండు దినాలు కూలి ఇడిసిపెట్టి ఏసినం సారూ, మంచిగున్నదా?" అని సోమ్లి అడిగింది. విషయం చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది.

"గోడ తెల్లగ చేస్తె మా ఇంట్లకు నీళ్ళు రానట్టేనా? గీ ముచ్చట ముందుగాల్నే చెప్పకపోతివి."

సిగ్గుతో చచ్చిపోయాను. వానల్లో తీసిన ఫొటోలు చూపించి ఆయన్ను బతిమాలాను. ఫొటోలు చెల్లవని, కనబడనిది రాయలేనని అన్నాడు. తప్పు ఆయనది కాదు. అర్హత రుజువు కాలేదన్న మాటతో ఫైలు తిరిగొచ్చింది.

మరుసటి వానాకాలంలో సోమ్లి ఇల్లు పడిపోయింది. పగటిపూట అందరూ పనికి పోయి ఉండటంతో ప్రాణాలు దక్కాయి. మళ్ళీ దరఖాస్తు పెడితే కాలువ మంజూరైంది కానీ, అప్పటికి ఆ కుటుంబం తండాకు తిరిగి వెళ్ళిపోయింది.

సమ్మెలో కూర్చున్నందుకు నేనెన్నడూ విచారించలేదు. ఆ కబురు అలా పంపినందుకు ఇప్పటికీ విచారిస్తాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఏ పథకం వచ్చినా షరతుల కాగితాన్ని ముందు బస్తీలో నిలబడి చదివాను. అధికారి ఏం చూస్తాడో, వేటిని ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలో చెప్పి, వాళ్ళ అనుమానాలు తీరాకే ఫైలు తెరిచాను. దానికి ఎప్పుడూ పది నిమిషాల కంటే ఎక్కువ పట్టలేదు.