గాలి మీద నెపం

బర్క్ ఊరి షెడ్లలో గొర్రెల ఉన్ని కత్తిరించీ కత్తిరించీ నడుం పోయిన మెర్వ్ ట్రాంటర్‌కి మిగిలిన పరువంతా తన పాత రైఫిల్ గొట్టమే. దూరపు గురి పోటీల్లో కప్పులన్నీ దాంతో గెలిచినవే. ఈ ఏడు అందరిలాగే సీసం మాని నిండు రాగి తూటాలు కొన్నాడు. రాగి తేలిక గనక అదే బరువుకి తూటా పొడుగవుతుంది. గొట్టం లోపల తూటాని గిర్రున తిప్పే మెలికలు బిగువుగా లేకపోతే అది గాల్లో పల్టీలు కొడుతుంది.

"గొట్టం మార్చరా," అన్నాడు క్లబ్బు నేస్తం క్లారీ.

"ముందు నీ మొహం మార్చుకో."

మెర్వ్ పేల్చాడు. తూటా అడ్డంగా తగిలి గురి అట్ట మీద పొడుగాటి చిల్లు పడింది.

"పాడు గాలి," అన్నాడు. గాలి చూసుకునే జెండా గుడ్డ కదల్లేదు.

ఫ్లాస్కులోంచి టీ వంపుతున్న అతని పెళ్లాం నోరీన్ తలెత్తకుండానే అంది:

"పిల్లలు పుట్టకపోతే లోపం నాదేనన్నావు. డాక్టరు గుమ్మం మాత్రం నువ్వు తొక్కలేదు. పోన్లే, ఇవాళ నీకు గాలి దొరికింది."