బావగారి కారుకు నేను చేసిన రెక్క

పోయిన నెల ఏదో పని మీద బందరు వెళ్ళి, బస్టాండు ఎదురుగా టీ తాగుతూ నిలబడితే పక్కన ఒక పాత కారు వచ్చి ఆగింది. దాని డిక్కీ మీద రెక్కలా ఉండే స్పాయిలర్ ఎండకీ ఉప్పుగాలికీ పెచ్చులు లేచిపోయి, ఒక కొస విరిగి, తీగతో కట్టి ఉంది. కారాయన డిక్కీ మూత ఎత్తి సంచులు తీసుకోబోతుంటే నేను గ్లాసు అక్కడే పెట్టేసి, గబగబా వెళ్ళి రెండు చేతులతో ఆ మూతని పట్టుకున్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పడదులెండి, బాగానే నిలబడుతుంది" అన్నాడు. నిజమే, బాగానే నిలబడింది. నేను పట్టుకోవలసిన మూత వేరే ఉంది. దాన్ని పట్టుకోవలసిన రోజున నేను నాగాయలంకలో నా షెడ్డులో కూర్చుని నా పనితనం గురించి నలుగురికీ చెప్పుకుంటున్నాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, దివిసీమ రేవుల్లో చెక్క పడవలు ఒక్కొక్కటే తప్పుకుని ఫైబర్ బోట్లు వచ్చిన రోజులవి, తొంభైలు దాటి రెండువేలు వచ్చిన కొత్తలు. బోటు ఇంకో బోటుకో, రేవు మెట్లకో తగిలి పగిలితే, పగిలిన చోట గీకి, గాజుపీచుతో చేసిన మ్యాట్ ముక్క పరిచి, దాని మీద రెసిన్ అనే జిగురు పూసి, అది గట్టిపడ్డాక ఇంకో పొర, ఆ పైన ఇంకో పొర వేసి అతకడం నా పని. ఆ పీచు నూగు ఒంటికి పట్టిందంటే మూడు రోజులు గోక్కోవడమే. అయినా ఆ పనంటే నాకు ప్రాణం. వీడు అతుకు వేసిన చోట బోటు మళ్ళీ పగలదని సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు పదిమందిలో అంటుంటే విని విని నాకు తలకెక్కింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు, సిగ్గుపడవలసినవి వేరే ఉన్నాయి.

మా అక్కయ్యని గుడివాడ ఇచ్చారు. బావగారిది టాక్సీ, సెకండ్ హ్యాండులో కొన్న తెల్ల కారు, దాని డిక్కీ మూత మీద రెక్కలా లేచి ఉండే స్పాయిలర్. ఆ రోజుల్లో గుడివాడ స్టాండులో అలాంటిది ఇంకొకటి లేదు. పెళ్ళివాళ్ళు ఆయన పేరు అడిగేవారు కాదు, రెక్క కారు కావాలనేవారు, పూలదండలు ముందు కట్టాక ఆ రెక్కకి కూడా ఒకటి కట్టించేవారు. అక్కయ్య ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. కుట్టేది అని ఊరికే అంటే సరిపోదు. టేపు మెడలో వేసుకునేదే గాని దానితో పెద్దగా పని ఉండేది కాదు, మనిషిని ఒకసారి చూసి గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తెర పెట్టేది. కాలేజీ పిల్లలు, పెళ్ళికూతుళ్ళు, చల్లపల్లి నుంచి కూడా వచ్చేవారు. బావగారికి ఒక నెల బేరాలుంటే ఒక నెల ఉండేవి కావు, ఇల్లు నిలబెట్టింది అక్కయ్య కత్తెరే.

నాలుగైదేళ్ళకి ఆ రెక్క చెడిపోయింది. రంగు ఊడి, బీటలు వారి, బోల్టుల దగ్గర తుప్పునీరు కారి డిక్కీ మీద ఎర్రటి చారలు పడ్డాయి. పెళ్ళివాళ్ళు చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. బావగారు గుడివాడలో అడిగారు, బందరులో అడిగారు, బెజవాడ ఆటోనగర్ అంతా తిరిగారు. ఆ మోడలే ఆగిపోయింది, ఇక రెక్క ఎక్కడ దొరుకుతుందన్నారు. తీసేద్దామంటే మూత మీద బోల్టుల బెజ్జాలు మిగులుతాయి. చివరికి కారు వేసుకుని నా దగ్గరికి వచ్చారు.

పాతదాన్ని విప్పి, బీటలు పూడ్చి, నున్నగా రుద్ది, దాని మీద నుంచి అచ్చు తీశాను. ఆ అచ్చులో రెండు పొరలు వేసి ఊరుకుంటే చాలు, అది కారు మీద అందానికి ఉండేది, అలలకి ఎదురు వెళ్ళేది కాదు. కానీ నా చేతికి బోటు తప్ప ఇంకేం తెలుసు? రెండు పొరల దగ్గర ఆపి చూస్తే నా కంటికి అది అప్పడంలా కనిపించింది. మూడోది వేశాను, నాలుగోది, ఐదోది వేశాను, బోటు అంచుకి పెట్టినట్టే మధ్యలో టేకు బద్ద పెట్టి మూసేశాను. షెడ్డుకి వచ్చినవాళ్ళనల్లా దాని మీద ఎక్కి నిలబడి చూడమన్నాను. విరగలేదు. బావగారు ఒక్కరే దాన్ని చేత్తో ఎత్తి చూసి కొంచెం బరువుందేమో అన్నారు, నేను వినిపించుకోలేదు. ఎంత ఇమ్మంటావని అడిగితే, అక్కయ్యకి పుట్టింటి కానుక అనుకోండి అన్నాను. ఆ మాటే తర్వాత ఆయనకి సంకెల అయింది. మా ఇళ్ళల్లో పుట్టింటి నుంచి వచ్చిన వస్తువుని పైవాళ్ళ చేత మరమ్మతు చేయించడమంటే ఇచ్చినవాళ్ళ మొహం మీద కొట్టినట్టే లెక్క.

రెండు వారాలు తిరక్కుండా మళ్ళీ వచ్చారు. డిక్కీ మూత ఎత్తితే నిలబడటం లేదట, స్ప్రింగులు ఆ బరువు మొయ్యలేక వదిలేస్తున్నాయట, చెయ్యి తీస్తే దభీమని పడుతోందట. రెక్క విప్పి లోపల తొలిచి బరువు తగ్గించమని అడిగారు. "ఒక్కపూట పనేగా బావమరిదీ, నువ్విచ్చినదాన్ని ఇంకోడి చేతిలో పెట్టలేను కదా" అన్నారు. ఆయన మెల్లగానే అన్నారు గాని షెడ్డులో బోటువాళ్ళు నలుగురున్నారు. వాళ్ళ ముందు నా పనికి వంక పెట్టారని ఒళ్ళు మండిపోయింది. "సముద్రం మీద తిరిగేవాళ్ళకి లేని ఇబ్బంది గుడివాడ రోడ్డు మీద తిరిగే మీకొచ్చిందా బావగారూ? కర్ర ఆనించుకోండి" అని, మూలనున్న సరుగుడు కర్ర ఒకటి కొలిచి కోసి ఆయన చేతిలో పెట్టాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, కర్ర డిక్కీలో పడేసుకుని వెళ్ళిపోయారు. తమ్ముడు కాదన్నాడని తెలిస్తే అక్కయ్య చిన్నబుచ్చుకుంటుందని ఆయన ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మూత పాతబడి పడిపోతోందనీ, కర్ర ఆయన సొంత తెలివి అనీ అక్కయ్య అనుకుంది.

మూడు నెలలు గడిచాయి. పెళ్ళికూతురి జాకెట్లు ఇవ్వడానికి ఇద్దరూ చల్లపల్లి వెళ్ళారు. బావగారు మూత ఎత్తి, కర్ర ఆనించి, ఇల్లు ఎక్కడో కనుక్కోవడానికి నాలుగడుగులు వేశారు. ఆలస్యమైందని అక్కయ్య తనే చెయ్యి పెట్టి మూట లాగింది. మూట తగిలి కర్ర జారింది, మూత పడింది. అంత బరువూ ఆమె కుడిచేతి చూపుడువేలి మీదా మధ్యవేలి మీదా పడింది. బందరు ఆసుపత్రిలో వేళ్ళు తీసెయ్యకుండా నిలబెట్టారు గాని అవి మళ్ళీ వంగలేదు. వంగని వేళ్ళు కత్తెరలోకి ఎలా దూరతాయి?

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్కయ్య ఏడుస్తూ బావగారిని తిడుతోంది, "కర్ర ముక్క సరిగ్గా ఆనించడం కూడా చేతకాదా అండీ మీకు" అని. ఆయన తలెత్తి నన్ను ఒకసారి చూశారు. అందులో కోపం లేదు, ఉంటే నేను కూడా నోరు తెరిచి ఉండేవాణ్ణేమో. చూసి తల దించుకున్నారు. అమ్మ ఉంది, చుట్టాలున్నారు, ఇప్పుడు కాదు రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ వారమే, అక్కయ్య ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, గుడివాడ వెళ్ళి రెక్క విప్పి తెచ్చి, అదే అచ్చులో రెండు పొరలతో ఇంకొకటి తీసి, బిగించి వచ్చాను. ఆయన చెప్పినట్టే ఒక్కపూట పని. మూత హాయిగా నిలబడింది. ఆ పని చేస్తున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అక్కయ్య ఎదురుగా వెళ్ళి ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

ఆ రేపు ఇరవై ఏళ్ళు నడిచింది. మిషను అమ్మేశారు. బావగారు వయసు మీద పడ్డాక కూడా పెళ్ళి బేరాలకి తిరుగుతూనే ఉన్నారు. క్రిస్మస్‌కి అందరం కలిసినప్పుడు, తన జాకెట్టు ఎవరి దగ్గరో కుట్టించుకుని చంకలో పట్టేస్తోందని విసుక్కున్నప్పుడు, కూరగాయలు ఎడమచేత్తో తరుగుతున్నప్పుడు, అక్కయ్య ఆ కర్ర సంగతి ఎత్తేది. మొదట్లో ఏడుస్తూ, తర్వాత కసిగా, ఆ తర్వాత ఉత్త అలవాటుగా ఆయన్ని అనేది. ఆయన కంచం వైపు చూసుకుంటూ తినేవారు. పక్కనే నేనూ తినేవాణ్ణి. మూడేళ్ళ క్రితం ఆయన పోతే, జ్ఞాపకార్థ కూడికలో అక్కయ్య లేచి నిలబడి, ఒక్క అజాగ్రత్త తప్ప ఆయనలో ఏ లోపమూ లేదని చెప్పి, దేవుడు ఆ అజాగ్రత్తని క్షమించాలని ప్రార్థన చేసింది. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.

బందరు నుంచి వచ్చిన ఆ వారంలో, ఆదివారం ఆరాధన అయ్యాక అక్కయ్య ఎప్పటిలాగే ఫోన్ చేసింది. అంతా చెప్పేశాను, ఐదు పొరలు, టేకు బద్ద, షెడ్డులో నవ్వులు, అన్నీ. తిడుతుందని ఎదురుచూశాను. "వేళ్ళ సంగతి పోనీరా. ఆయన్ని నేను అన్నేసి మాటలంటుంటే పక్కన కూర్చుని విన్నావు కదరా" అంది.

ఇప్పుడు ఆ స్పాయిలర్లు ఫోనులో నొక్కితే ఇంటికే వస్తాయట, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదట, బోల్టులు కూడా లేకుండా అంటించుకోవడమేనట. అవి వచ్చేనాటికి నా షెడ్డూ లేదు, బావగారూ లేరు. ఆదివారాలు ఇప్పుడు నేనే ఫోన్ చేస్తున్నాను. అక్కయ్య తీస్తుంది, బాగున్నావా అంటే బాగానే ఉన్నానంటుంది. ఇదివరకు "ఒరే తమ్ముడూ" అని మొదలుపెట్టేది. ఇప్పుడు "చెప్పండి" అంటోంది.