తెర నిండా బొమ్మ

పక్కింటివాళ్ళు పాత సామాను తూకానికి వేసేముందు డీవీడీ ప్లేయర్‌ను ఒకసారి ప్లగ్గుకు పెట్టి చూశారు. డిస్కు పళ్ళెం గరగరమంటూ బయటికి వచ్చి, కాసేపు ఆగి, మళ్ళీ లోపలికి పోయింది. గోడకు ఇవతల కూరగాయలు తరుగుతున్న నాకు వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కూడా తగిలినట్టయింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద ఒక షాపులో ఆ చప్పుడు మధ్య కొన్నేళ్ళు పనిచేశాను. జనంతో మాట్లాడడం నాకు నేర్పింది ఆ షాపు యజమానే. నా మాట పనికిరాదన్నదీ ఆయనే.

మాది నల్గొండ వైపు. నాన్న వ్యాను నడిపేవాడు, ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. డిగ్రీ మధ్యలో ఆగినా నేను గ్రంథాలయానికి పోవడం మానలేదు. యాస్పెక్ట్ రేషియో, ప్రోగ్రెసివ్ స్కాన్, ఫైవ్ పాయింట్ వన్, ఏది అడిగినా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మా యజమానికి నా చదువంటే ముచ్చట. నన్ను "లైబ్రరీ" అని పిలిచేవాడు.

ఒకరోజు తుర్కయంజాల్ నుంచి ఒక పెద్దమనిషి, కొన్న ప్లేయర్‌ను అట్టపెట్టెతో సహా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"ఏందమ్మా గిది? పైన నల్లపట్టీ, కింద నల్లపట్టీ. నడుమ జరంత బొమ్మ. మిగిలింది మీరే దాసుకున్నరా?"

"తెర వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి..." అని నేను మొదలుపెట్టాను.

యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు, లైబ్రరీ. బాబాయ్‌గారూ, మీ ఇంట్లో పెళ్ళినాటి గ్రూపు ఫోటో ఉందా? అడ్డంగా పొడుగ్గా ఉంటుందే, దాన్ని చదరం ఫ్రేములో నిండుగా పట్టించాలంటే ఏం చేస్తారు?"

"అటు ఇటు కొయ్యాలె."

"కోస్తే ఎవరు పోతారు?"

పెద్దమనిషి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఇటు మా బామ్మర్ది పోతడు. పోతే పోనియ్యి."

షాపంతా నవ్వింది. యజమాని కూడా నవ్వుతూ, "అటు మీ అక్కగారూ పోతారు మరి. అందరూ ఉండాలంటే పైనా కిందా ఖాళీ వదలాలి. ఈ నల్లపట్టీ ఆ ఖాళీయే. లెటర్‌బాక్స్ అంటారు. తెర నిండా బొమ్మ కావాలంటే ఈ బటన్ నొక్కండి, అంచున ఉన్నవాళ్ళు పోతారు" అన్నాడు.

పెద్దమనిషి పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళాక యజమాని నావైపు తిరిగాడు. "పేరు తెలిస్తే చాలదు స్వరూపా. అది లేకపోతే ఏం పోతుందో చెప్పు. అప్పుడే ఎక్కుతుంది."

ఆ పద్ధతి పట్టుకున్నాను. ప్రోగ్రెసివ్ స్కాన్ లేకపోతే ఉరికే మనిషి అంచులు దువ్వెన పళ్ళలా చీలినట్టు కనిపిస్తాయని చెప్పేదాన్ని. ఫైవ్ పాయింట్ వన్‌లో చివరి ‘వన్’ అనే ఆ పెద్ద స్పీకరు పెట్టె తీసేస్తే ఉరుము ఉరమదనేదాన్ని. ఒకావిడ దుబాయి నుంచి మరిది తెచ్చిన డిస్కు ఆడడం లేదని వస్తే, కంపెనీలు ప్రపంచాన్ని రీజియన్లుగా పంచుకున్నాయనీ, ఒకచోటి డిస్కు మరోచోటి ప్లేయర్ చదవదనీ చెప్పాను.

"డిస్కులకు గూడ ప్రాంతాల లొల్లేనా?" అందావిడ.

"మన షాపులో లేదమ్మా, ఇక్కడ అన్నీ ఆడతాయి" అన్నాడు యజమాని.

ఎల్బీనగర్‌లో రెండో షాపు తెరుస్తున్నాననీ, దాన్ని నేనే చూసుకోవాలనీ ఆయన అందరి ముందూ చెప్పాడు. నాన్న రోజూ అటు పోతూ వ్యాను ఆపి, అద్దాల పని ఎంతవరకు వచ్చిందో చూసి వచ్చి మాకు చెప్పేవాడు. అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. తెరవడానికి వారం ముందు యజమాని తాళాలు విజయవాడ నుంచి వచ్చిన మేనల్లుడి చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకమ్మా. అక్కడ కొనేది ఎక్కువగా మావాళ్ళు. నీ మాట వాళ్ళకు మోటుగా ఉంటుంది."

అంతవరకు ఆయన నోట "మన" అన్న మాటే విన్నాను. మన షాపు, మన సరుకు, మన పిల్లలు. "మా" అనడం అదే మొదటిసారి. నేను బయట ఉన్నానని తెలియడానికి ఆ ఒక్క అక్షరం చాలింది.

నెల తిరక్కుండానే బంద్ వచ్చింది. సగం దించిన షట్టర్ ముందు కుర్రాళ్ళు గుమిగూడి బోర్డు మీద ఆంధ్రా పేరు చూసి అరుస్తున్నారు. యజమాని ముఖం పాలిపోయింది. "స్వరూపా, నువ్వెళ్ళు. నీ మాటయితే వింటారు" అన్నాడు.

బయటికి వచ్చాను. "ఏంది తమ్మీ లొల్లి? బందే చేస్తున్నం. లోపల పనోళ్ళమే ఉన్నం."

"అక్కా, మీదే ఊరు?"

"నల్గొండ దిక్కు."

"గట్లనా! మరి ఈ దుకాణంల ఏం చేస్తున్నవ్?"

"నువ్వు పెట్టు దుకాణం, ఆడికే ఒస్త."

నవ్వుకుంటూ ముందుకు సాగిపోయారు. లోపలికి వస్తే యజమాని నా చేతులు పట్టుకున్నాడు. "నువ్వు లేకపోతే ఏమైపోయేదో తల్లీ!"

"మరి ఎల్బీనగర్ షాపు, సార్?" అన్నాను.

చేతులు వదిలేశాడు. "అది వేరే విషయమమ్మా."

మర్నాటి నుంచి నేను పనికి పోలేదు. నాన్న ఆ కొత్త షాపు ముందు నుంచి కాకుండా వ్యాను వేరే దారిన తిప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అమ్మకాల్లో కొత్తగా చేరే ఆడపిల్లలకు నేను శిక్షణ ఇస్తున్నాను. ఏ మాట చెప్పినా, అది లేకపోతే ఏం పోతుందో చెప్పమంటాను. అంతకంటే మంచి పద్ధతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, వెతకలేదని కాదు. ఎవరు నేర్పారు మేడం అని అడుగుతారు. ఒక యజమాని అంటాను. పేరు చెప్పను, ఇక్కడా రాయలేదు. ఆయన కోసం నా నోరు ఒకసారి వాడాను, అది చాలు.