పొట్టి మెడ మీద ఐదో తీగ

నెమేసియా ఎడమ చెయ్యి పూర్తిగా చాచలేదు. పోయిన ఏడాది ఒక ఊళ్లో పాటకచేరీ ముగించుకుని వస్తుంటే మేళం వ్యాను కొండ మలుపులో పల్టీ కొట్టింది. మొగుడి పేరు ఫోర్చునాతో. అక్కడికక్కడే పోయాడు. ఆమెకు మోచెయ్యి విరిగి, వంకరగానే అతుక్కుంది. ఆయన బేస్ గిటార్‌కు మాత్రం గీత కూడా పడలేదు. ఎవరో దాన్ని తెచ్చి వంటింటి గోడకు ఆనించి పోయారు. ఆ సంగతే ఆమెకు కొరుకుడు పడలేదు.

వాళ్లుండే లోయలో హార్ప్ మేళం లేకుండా పెళ్లీ జరగదు, చావూ జరగదు. ఆ మేళంలో ఫోర్చునాతో ముప్ఫై ఏళ్లు బేస్ వాయించాడు. ఐదు తీగల గిటార్ అది. "పై నాలుగూ జనానికే. ఈ లావుది మనిద్దరికి" అనేవాడు, వంటింట్లో సాధన చేసుకుంటూ. ఆ ఐదో తీగ చెవికి వినపడేది తక్కువ. రేకుల కప్పు వణికేది. పొయ్యి మీద గిన్నె మూత సన్నగా కదిలేది. "మీ ఆయన వాయిస్తున్నాడా, అన్నం ఉడుకుతోందా?" అని పక్కింటివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఆయన పోయిన ఐదో నాడు, ఆచారం ప్రకారం, బట్టలన్నీ ఏట్లో ఉతికి, గుమ్మంలో బూడిద చల్లారు. ఆత్మ ఇల్లు విడిచిపోతే బూడిదలో అడుగు పడాలి. తెల్లారి చూస్తే చల్లిన బూడిద చల్లినట్టే ఉంది.

"గాలికి చెరిగిపోయి ఉంటాయిలే వదినా" అంది ఆడపడుచు జెనైదా.

రాత్రంతా ఆకు కదల్లేదని ఇద్దరికీ తెలుసు.

ఆనాటి నుంచి మూత కదులుతోంది. పొయ్యి ఆర్పేశాక, గిన్నె కడిగి మూత పెట్టాక కూడా. గోడకు ఆనించిన గిటార్ లావు తీగ మీద వేలు పెడితే, ఇప్పుడే ఎవరో మీటి వదిలినట్టు వణుకు తగిలేది. రోడ్డు మీద లారీలమ్మా అన్నారు విన్నవాళ్లు. వంతెన కూలి ఆ రోడ్డు మీద నాలుగు నెలలుగా లారీయే లేదు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. రెండు కంచాలు పెట్టేది. రెండో కంచంలో బంగాళాదుంపలు చల్లారిపోయాక తనే తినేది.

ఏడాది నిండే రోజు దగ్గరపడింది. ఆ రోజు చర్చిలో పూజ చేయించి, పెరట్లో అందరి ముందూ భార్య ఒంటి మీది నల్ల శాలువా తీసి, రంగుది కప్పుతారు. తీసేది మొగుడి తోబుట్టువు. హార్ప్ నెమ్మదిగా మొదలవుతుంది. బేస్ ఆ పాటలోని అట్టడుగు స్వరం ఒక్కటే పట్టుకుంటుంది. నలుపు ఒంటి మీద నుంచి పూర్తిగా పోయేదాకా ఆ స్వరం తెగకూడదు. తెగితే పోయినవాడు దారి మధ్యలో నిలిచిపోతాడు, ఇటూ రాలేడు, అటూ పోలేడు. లోయలో ఎంతమంది ఆడవాళ్లకో ఆ స్వరం పట్టి, వాళ్ల మొగుళ్లను సాగనంపింది ఫోర్చునాతోనే.

హార్ప్ వాయించే తెయోదోసియో వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"బేస్‌కి పక్క ఊరి మనిషిని మాట్లాడాను చెల్లెమ్మా."

"వద్దన్నా. నేను పడతా."

"ఏం పడతావ్, గరిటా?"

"నువ్వు శ్రుతి చేసుకుంటుంటే, ఆయన సిగరెట్టుకని బయటికిపోతే, ఆ స్వరం పట్టి ఉంచింది ఎవరు? ఇరవై ఏళ్లు పట్టా."

తెయోదోసియో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పట్టి చూపించమన్నాడు. ఆ స్వరం లావు తీగ మొదటి మెట్టు మీద ఉంది, మెడ చిట్టచివర, బిరడాల పక్కన. నెమేసియా చెయ్యి నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయింది. భుజం వంచింది. ఒళ్లు మెలిదిప్పింది. అందలేదు.

"బిడ్డలా చంకనెత్తుకున్నా అందదు నీకు" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "పది రోజులుందిగా. గిటార్లు చేసే అలీపియో మేస్త్రీ దగ్గర పొట్టి మెడవి ఉంటాయి. పోదాం పద" అన్నాడు.

అలీపియో మేస్త్రీ షెడ్డంతా రంపపు పొట్టు, జిగురు వాసన. ఆయన ఆమె మోచెయ్యి చూశాడు, కారణం అడగలేదు. ఒక చిన్న గిటార్ తీసి చేతికిచ్చాడు. ఆమె తీగలు లెక్కపెట్టింది.

"ఐదోది ఏది?"

"పొట్టిదానికి నాలుగేనమ్మా. కురచ మెడ మీద లావు తీగ బిగుసుకోదు. బట్టలారేసే తాడులాగా వేలాడుద్ది. మీటితే బురదలోంచి ఎద్దు లేచినట్టుంటది."

"నాలుగింటితోనే, కాస్త పైన పట్టు చెల్లెమ్మా" అన్నాడు తెయోదోసియో. "ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి."

మేస్త్రీ చేతులు తుడుచుకుని లోపలికి పోయి, గోనెగుడ్డ చుట్టిన దాన్నొకటి తెచ్చాడు.

"ఇది ఒకాయన పట్టుబట్టి చేయించుకున్నాడు. పొట్టిదే, ఐదు తీగలు. వాయించి చూసి, వద్దని పోయాడు. నేను దీని మీద నా పేరు కూడా చెక్కలేదు. చూస్తానంటే చూడు, నన్ను మాత్రం తిట్టొద్దు."

ఆమె పట్టీ భుజానికి తగిలించుకుంది. వంగిన మోచెయ్యి వంగినట్టే ఉండగా వేళ్లు మొదటి మెట్టు మీదికి చేరాయి, రోజూ పట్టుకునే బాణలి పిడి మీదికి చేరినట్టు. మేస్త్రీ స్పీకరు వైరు తగిలించాడు. ఆమె లావు తీగ మీటింది.

మేస్త్రీ ముఖం చిట్లించాడు. శబ్దానికి అంచు లేదు. ఎక్కడ మొదలైందో తెలియలేదు, ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. బల్ల మీది జిగురు డబ్బా మూత సన్నగా కదలడం మొదలుపెట్టింది.

"చెప్పానా, సడలిపోయింది. రెండ్రోజులివ్వు, ఇంకా లావు తీగ వేసి బిగిస్తా."

"ముట్టుకోవద్దు" అంది నెమేసియా. "మా ఇంట్లో వినపడేది ఇదే."

తెయోదోసియో ఆమె వంక చూశాడు. "ఫోర్చునాతోది ఇట్లా ఉండేది కాదమ్మా. బిగువుగా, గంట కొట్టినట్టుండేది. నేను ముప్ఫై ఏళ్లు పక్కన నిలబడి విన్నాను."

"అది బతికున్నప్పుడు" అంది ఆమె.

మేస్త్రీ ఛాతీ మీద సిలువ గీసుకున్నాడు. ధర తగ్గించి చెప్పాడు. ఆమె బేరమాడలేదు.

ఇంటికి తెచ్చి రోజూ సాధన చేసింది. వాయిస్తున్నంతసేపూ వంటింట్లో మూత కదిలేది కాదు. ఆమె ఆపిన కాసేపటికి అది మొదలయ్యేది, ఇద్దరూ వంతులేసుకున్నట్టు. జెనైదా ఒక రోజు గుమ్మంలో నిలబడి రెండూ విని, లోపలికి రాకుండా అక్కణ్ణుంచే అడిగింది.

"పట్టే మనిషివీ నువ్వే, తీయించుకునే మనిషివీ నువ్వే. గిటార్ పట్టీ శాలువా మీద ఉంటే నేనెట్లా లాగను వదినా?"

"నెమ్మదిగా లాగు."

ఏడాది నిండిన రోజు మధ్యాహ్నం పెరడంతా జనం. మొక్కజొన్న గుగ్గిళ్లు, మాంసం పులుసు తిని, తాంబూలంలా కోకా ఆకు నములుతూ బెంచీల మీద సర్దుకున్నారు. తెయోదోసియో హార్ప్ మొదలుపెట్టాడు. నెమేసియా మొదటి మెట్టు మీద వేలు నొక్కి లావు తీగ మీటింది. మాట్లాడుతున్నవాళ్లు మాట మధ్యలో ఆగిపోయారు. కొందరు కింద నేల వంక చూసుకున్నారు.

జెనైదా వెనక నిలబడి శాలువా అంచు పట్టుకుంది. పట్టీ కింద నుంచి వేలెడు, వేలెడు లాగుతోంది. స్వరం సన్నబడేలోపు నెమేసియా మళ్లీ మీటుతోంది. నలుపు కుడి భుజం దాటింది, వీపు దాటింది. ఎడమ భుజం దగ్గర, పట్టీ కింద ఇరుక్కుంది. జెనైదా గుంజింది. రాలేదు. మళ్లీ గుంజబోయి, వదిన మెడ పక్కగా తొంగి చూసింది. ఇరుక్కోలేదు. నెమేసియా ఆ భుజాన్ని గిటార్ బరువు మీదికి వంచి, గుడ్డను అదిమిపట్టి ఉంది.

హార్ప్ నాలుగోసారి చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. తెయోదోసియో కళ్లెత్తి చూశాడు గానీ ఆపలేదు.

"వదులు వదినా" అంది జెనైదా, చెవి దగ్గర.

"ఇంకొక్కసారి."

"ఇప్పటికి నాలుగుసార్లయింది. మా అన్న నిలబడి ఉంటాడు. కాళ్లు నొప్పెడతాయి."

నెమేసియా నవ్విందో ఏడ్చిందో వెనకున్న జెనైదాకు తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఆమె చివరిసారి మీటింది. ఎడమ భుజం ఎత్తింది. నల్లగుడ్డ పట్టీ కింద నుంచి జారి జెనైదా చేతుల్లోకి వచ్చేసింది.

నలుపు పోయింది. ఇక పట్టి ఉంచే పని లేదు. నెమేసియా మెట్టు మీద నుంచి వేలు తీసేసింది. రంగు శాలువా కప్పించుకోవడానికి రెండు చేతులూ దూరంగా, గాల్లో పెట్టింది.

వేలు తీశాక తీగ ఆగలేదు. ఇంకో అడుగు కిందికి దిగింది. ఆ పాటలో లేని స్వరం, ఆమె ఎన్నడూ పట్టని స్వరం. సడలిన తీగ కంటికి కనపడేంత వెడల్పుగా ఊగుతోంది. తెయోదోసియో ఆమె చేతుల వంక చూశాడు. రెండూ గాల్లోనే ఉన్నాయి.

తరవాత వాయించాల్సింది డ్యాన్సు పాట. జనం లేవబోయి, లేవలేదు. తెయోదోసియో హార్ప్ తీగల మీద అరచేతులు ఆనించి పట్టుకున్నాడు. జెనైదా ఎర్ర శాలువా విప్పి పట్టుకుని నిలబడే ఉంది. ఆ స్వరం దూరమవుతూ, దూరమవుతూ పూర్తిగా వెళ్లిపోయేదాకా అందరూ అట్లాగే ఆగారు.